రెండో రోల్‌ప్లే సర్వర్ పెట్టాలా వద్దా? ముందు మీ ఫోన్‌ని అడగండి

ఈ వారం ఫోన్ రివ్యూ లేదు. టేబుల్ మీద రెండు ఫోన్లు బాక్సుల్లోనే ఉన్నాయి, వాటి సంగతి వచ్చే వారం చూద్దాం. రెండు నెలలుగా నా తల తింటున్న ప్రశ్న ఒకటుంది, ముందు దాన్ని తేల్చేయాలి. మేం నడుపుతున్న ఆన్‌లైన్ రోల్‌ప్లే గ్రూపుకి తోడుగా రెండోది ఒకటి మొదలుపెట్టాలా, వద్దా?

గ్యాడ్జెట్ల సైట్‌లో ఈ గోలేంటి అనుకోకండి. ఈ నిర్ణయంలో సగం ర్యామ్, బ్యాటరీ, నోటిఫికేషన్లు, ఎవరి దగ్గర పీసీ ఉంది ఎవరి దగ్గర లేదు అనే లెక్కల మీదే నడిచింది. మిగతా సగం మనుషుల మీద నడిచింది. మీలో చాలామంది ఏదో ఒక గేమింగ్ గ్రూపుకి అడ్మిన్లే కాబట్టి నా లెక్క మీకూ పనికొస్తుందని రాస్తున్నా.

మేం ఆడేది ఏంటంటే

రోల్‌ప్లే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మీరు ఒక పాత్ర తీసుకుంటారు. నేనొకటి తీసుకుంటా. ఇద్దరం ఆ పాత్రల్లోనే మాట్లాడుకుంటాం, దెబ్బలాడుకుంటాం, బేరాలాడతాం. కథ ముందే రాసి ఉండదు, ఆడుతుంటే తయారవుతుంది. కొందరు దీన్ని గేమ్ లోపల మైకులో మాట్లాడుతూ ఆడతారు. మేం డిస్కార్డ్‌లో టైప్ చేసి ఆడతాం.

మాది నారాయణఖేడ్. సంగారెడ్డి జిల్లాలో ఓ మూల. ఒకవైపు పోతే కర్ణాటక, ఇంకాస్త పైకి పోతే మహారాష్ట్ర. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడ, మరాఠీ, చాయ్ హోటల్లో దక్కనీ ఉర్దూ. ఒక్క వాక్యంలో మూడు భాషలు కలిపినా ఇక్కడ ఎవరూ వింతగా చూడరు. మా ఆట కూడా అట్లాగే ఉంటుంది. కథ 15వ శతాబ్దపు బీదర్‌లో జరుగుతుంది. మాకు బీదర్ దగ్గరే, కోట చూడనివాళ్లు మా గ్రూపులో తక్కువ. 1472లో కట్టిన మహమూద్ గవాన్ మదరసా ఇప్పటికీ సగం నిలబడి ఉంది. ఆ రోజుల్లోనే అఫనాసీ నికితిన్ అనే రష్యా వర్తకుడు అమ్ముకోవడానికి ఒక గుర్రాన్ని వెంటబెట్టుకుని మన దక్కనుకు వచ్చాడు, బీదర్‌లో ఉన్నాడు, చూసినవన్నీ రాసిపెట్టుకున్నాడు. ఇంతకంటే మంచి పాత్ర ఎవరికి దొరుకుతుంది? మా ఆటలో గుర్రాల వ్యాపారులు, కోట కాపలావాళ్లు, బిద్రీ పనివాళ్లు, సరాయి నడిపేవాళ్లు ఉంటారు.

ఇది మొదలైంది 2020లో. లాక్‌డౌన్‌తో కాలేజీలు మూసేశారు. సెప్టెంబర్ 2న పబ్‌జీ మొబైల్‌ని కూడా కేంద్రం నిషేధించింది. మా పబ్‌జీ స్క్వాడ్‌లో నలుగురం ఖాళీగా కూర్చుని, గేమ్ లేకపోయినా సాయంత్రాలు మాట్లాడుకోవడం మానలేక ఈ కథ మొదలుపెట్టాం. ఇప్పుడు పేరుకి 200 మంది దాకా ఉన్నారు. వారంలో నిజంగా రాసేది 30, 35 మంది. ఖేడ్, జహీరాబాద్, బీదర్, నిజామాబాద్ వైపు వాళ్లు ఎక్కువ. చూసుకునే మాడరేటర్లం ముగ్గురం.

"అన్నా, రెండోది పెడదాం"

ఈ మాట అన్నది మా గ్రూపులో బాగా రాసే తమ్ముడు. ఖేడ్ పిల్లాడే, ఇప్పుడు హైదరాబాద్‌లో బీటెక్. మంచి గ్రాఫిక్స్ కార్డ్ పెట్టి సొంతంగా పీసీ బిల్డ్ చేసుకున్నాడు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌లో వీడియోలు చూపించాడు.

"అన్నా, టైపింగ్ జమానా అయిపోయింది. జీటీఏలో తెలుగు సిటీ పెడదాం. మైకులో మన ఖేడ్ భాషల మాట్లాడుకుంట ఆడితే ఎట్లుంటదో జర ఊహించు. నువ్వు ఊకొడితే చాలు, సెటప్ నేను జూసుకుంట."

వాడు చెప్పింది ఫైవ్‌ఎం గురించి. జీటీఏ 5 పీసీకి 2015 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ గేమ్‌ని సొంత సర్వర్‌లో, సొంత రూల్స్‌తో ఆడుకునేలా చేసే సాఫ్ట్‌వేరే ఫైవ్‌ఎం. మొదట్లో రాక్‌స్టార్‌కి ఇది అస్సలు నచ్చలేదు, 2015లో దాన్ని తయారుచేసేవాళ్ల ఖాతాలనే సస్పెండ్ చేసింది. 2023 ఆగస్టు వచ్చేసరికి అదే రాక్‌స్టార్ ఫైవ్‌ఎం టీమ్‌ని కొనేసింది. ఈ మధ్యలో జరిగిందేంటంటే నోపిక్సెల్ లాంటి సర్వర్లు. అక్కడ స్ట్రీమర్లు పోలీసులుగా, దొంగలుగా, టాక్సీ డ్రైవర్లుగా ఆడుతుంటే లక్షలమంది ట్విచ్‌లో చూశారు. పాతబడిపోయిన గేమ్‌కి మళ్లీ ప్రాణం వచ్చింది. మన దగ్గర కూడా యూట్యూబ్‌లో ఆ గాలి బాగానే వీచింది.

తమ్ముడి మాటలో న్యాయం ఉందని ఒప్పుకోవాలి. తెలుగులో వేగంగా టైప్ చేయడం అందరికీ రాదు. మా గ్రూపులో చేరి, నాలుగు రోజులు చదివి, ఒక్క ముక్క రాయకుండా వెళ్లిపోయినవాళ్లు చాలామంది. వాళ్లలో కొందరు మైకు ఇస్తే దుమ్ము లేపుతారు. మన యాసని అక్షరాల్లో పెట్టడం కష్టం, నోటితో అయితే ఏ కష్టమూ లేదు. పైగా వాడికి ఉత్సాహం ఉంది, పని వచ్చు, సర్వర్ ఖర్చుకి పాకెట్ మనీ కూడా దాచాడు. కాదనడానికి నాకు వెంటనే కారణం దొరకలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఆశ పుట్టింది. ఐదేళ్లుగా ఒకే కోట, ఒకే సరాయి. కొత్త ఊరు కట్టాలని ఎవరికుండదు?

ముందు పరికరాల లెక్క

ఏ ఫోన్ కొనాలని అడిగేవాళ్లకి నేను చెప్పే మాట ఒకటే: ముందు మీ వాడకం చూసుకోండి, తర్వాత స్పెక్స్ చూడండి. ఈసారి ఆ మాట నాకే చెప్పుకున్నా. గ్రూపులో ఒకే ఒక్క ప్రశ్న పెట్టా: మీరు దేని మీద ఆడుతున్నారు?

31 మంది జవాబిచ్చారు. 24 మందికి ఫోన్ తప్ప ఇంకేమీ లేదు. వాటిలో ఎక్కువ 4 జీబీ, 6 జీబీ ర్యామ్ ఫోన్లు. ఇద్దరు అమ్మ ఫోన్‌లో, అదీ రాత్రి వంటిల్లు సర్దాక, ఆడుతున్నారని అప్పుడే తెలిసింది. ఐదుగురికి ల్యాప్‌టాప్ ఉంది కానీ కాలేజీ ప్రాజెక్టులకి సరిపోయేది మాత్రమే, విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేదు. జీటీఏ 5 ఇన్‌స్టాల్ చేయాలంటేనే ఇప్పుడు 100 జీబీకి పైగా చోటు కావాలి, దాని మీద సర్వర్ వాళ్లు పెట్టే కార్లు, బిల్డింగులు మళ్లీ డౌన్‌లోడ్ కావాలి. ఇది మొబైల్ డేటా మీద జరిగే పని కాదు. లెక్క చూస్తే, రెండో సర్వర్‌లోకి అడుగుపెట్టగలిగేది 31లో ఇద్దరు. ఒకడు తమ్ముడు, రెండోవాడు బీదర్‌లో కంప్యూటర్ షాపు ఉన్నాయన.

వయసు లెక్క ఇంకొకటి. జీటీఏ 18 ఏళ్లు దాటినవాళ్ల గేమ్. మా గ్రూపులో రాసేవాళ్లలో సగం మంది ఇంటర్ పిల్లలు. డిస్కార్డ్ మన దగ్గర 13 ఏళ్లకే రానిస్తుంది, మా కథలో కత్తులున్నా హద్దులున్నాయి. ఆ సిటీలోకి మాత్రం వాళ్లని తీసుకెళ్లలేను, తీసుకెళ్లకూడదు.

డబ్బు సంగతి కూడా చూశా. ఫైవ్‌ఎంలో చిన్న సర్వర్ మొదలుపెట్టడానికి లైసెన్స్ కీ ఉచితమే. మనుషులు పెరిగే కొద్దీ నెలనెలా చందా కట్టాలి, సర్వర్ అద్దె ఎలాగూ ఉంటుంది. "స్పాన్సర్లని పట్టుకుందాం అన్నా" అన్నాడు తమ్ముడు. 2022 నవంబర్‌లో రాక్‌స్టార్ పెట్టిన రూల్స్ చదివించా. రోల్‌ప్లే సర్వర్లలో కంపెనీ స్పాన్సర్‌షిప్పులు, లూట్ బాక్సులు, క్రిప్టో, ఎన్‌ఎఫ్‌టీలు కుదరవని అందులో ఉంది. వాడి ముఖం కాస్త చిన్నబోయింది కానీ వెనక్కి తగ్గలేదు. "మొదాలు మనమే ఏసుకుందాం" అన్నాడు.

ఇక్కడిదాకా వచ్చేసరికి ఇది పీసీ ఉన్నోళ్ల సమస్య అనిపించొచ్చు. పీసీ వద్దు, ఫోన్‌లోనే ఆడే ఇంకో డిస్కార్డ్ గ్రూపు, కొత్త కథతో పెడితే సరిపోతుంది కదా? నేనూ అదే అనుకున్నా. అప్పుడే పోయిన ఏడాది జరిగిన సంగతి ఒకటి గుర్తొచ్చి ఆగిపోయా. దాన్ని ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు.

పెళ్లి రాత్రి

మా చిన్నమ్మ కొడుకు పెళ్లి జహీరాబాద్‌లో. ఆ వారం రివ్యూ కోసం కొత్త ఫోన్ వాడుతున్నా, నా సిమ్ అందులోనే వేశా. డిస్కార్డ్ కూడా అందులోనే. ఫోన్ కంపెనీ పేరు అనవసరం, తప్పు నాది. ఆ ఫోన్‌లో బ్యాటరీ సేవర్ మహా గట్టిది. స్క్రీన్ ఆపిన కాసేపటికి వెనకాల నడిచే యాప్‌లన్నిటినీ నిద్రపుచ్చేస్తుంది. నోటిఫికేషన్లు రావు. వాట్సాప్‌కి మినహాయింపు ఇచ్చా, డిస్కార్డ్‌కి ఇవ్వడం మరిచిపోయా. రెండో మాడరేటర్ అక్కకి స్కూల్లో పరీక్షల పని. మూడోవాడు జ్వరంతో పడుకున్నాడు.

మా గ్రూపులో ఇంటర్ చదివే ఒక చెల్లె ఉండేది. గుర్రాల వ్యాపారి పాత్ర రాసేది, మీసాలు మెలేసే ముసలాయన. ఆమె రాసిన బేరాలు చదివి మేం పడిపడి నవ్వేవాళ్లం. ఆ పాత్ర వెనక ఉన్నది అమ్మాయి అని ఇద్దరు ముగ్గురికి తప్ప తెలియదు. ఆ రాత్రి కొత్తగా చేరినవాడొకడు ఆమె మాటల్లో దొరికిన ఆనవాళ్లు పట్టుకుని, కాలేజీ ఏదో ఊహించి, అసలు పేరు కనుక్కుని, అందరిముందూ పెట్టేశాడు. తర్వాత విడిగా మెసేజ్‌లు మొదలుపెట్టాడు. ఆమె సాయం కావాలని మాడరేటర్లని పిలిచింది. ఒకసారి కాదు, ఆరుసార్లు.

నేను చూసింది మర్నాడు మధ్యాహ్నం, బువ్వంబంతి అయ్యాక. మొదటి పిలుపుకీ నేను చూసిన టైముకీ మధ్య 14 గంటలు. వాణ్ని తీసేశా, మెసేజ్‌లు తీసేశా, ఆమెకి క్షమాపణ రాశా. అప్పటికే ఎవరో తీసిన స్క్రీన్‌షాట్ వాళ్లన్న దాకా పోయింది. వాళ్లన్న ఆమె ఫోన్ తీసేసుకున్నాడు. మాలాంటి ఊళ్లో ఒక ఆడపిల్ల చేతిలోంచి ఫోన్ పోవడమంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. ఆన్‌లైన్ క్లాసులు, స్నేహితులు, ఎప్‌సెట్ మెటీరియల్, అన్నీ దాంతోటే పోతాయి. ముసలి గుర్రాల వ్యాపారి మళ్లీ మా సరాయికి రాలేదు.

ఆ ఫోన్ రివ్యూలో బ్యాటరీకి నేను మంచి మార్కులే వేశా. స్టాండ్‌బై అదిరిపోయిందని రాశా. అది ఎందుకు అంత బాగుందో నాకు పెళ్లి రాత్రి అర్థమై ఉండాల్సింది.

అందుకే "నువ్వు ఊకొడితే చాలు" అన్న తమ్ముడి మాట నన్ను భయపెట్టింది. ముగ్గురం కలిసి ఒక్కదాన్నే ఒక్క రాత్రి కాయలేకపోయాం.

పాతవాళ్లు ఏం చేశారు

ఇది మా ఒక్కరి కథే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. ఆన్‌లైన్ రోల్‌ప్లే పుట్టినప్పటి నుంచీ ఇదే తలనొప్పి. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే ఇద్దరు విద్యార్థులు మడ్ అనే ఆట తయారుచేశారు. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే, మా ఆట లాగే. 1996లో బార్టిల్ ఒక వ్యాసం రాశాడు. ఇలాంటి చోట్ల నాలుగు రకాల ఆటగాళ్లు ఉంటారంటాడు: గెలుపు కోసం వచ్చేవాళ్లు, కొత్తవి వెతికేవాళ్లు, కబుర్ల కోసం వచ్చేవాళ్లు, ఎదుటివాళ్లని సతాయించడానికి వచ్చేవాళ్లు. ఈ నలుగురి పాళ్లు సరిగ్గా ఉన్నంతవరకే ఆట నిలబడుతుంది, ఒక రకం తగ్గితే దాని ప్రభావం మిగతా వాళ్ల మీద పడుతుంది.

దీన్ని మా గ్రూపుకి పెట్టి చూశా. రెండోది పెడితే అటు ముందుగా పరుగెత్తేది కొత్తవి వెతికేవాళ్లు. కథని ముందుకి లాగేది కూడా వాళ్లే. సరాయిలో కబుర్లు చెప్పేవాళ్లు ఇక్కడ మిగిలిపోతారు. దారి వెంట కొత్త వార్త తెచ్చేవాడు లేకపోతే సరాయిలో కబుర్లేముంటాయి? 35 మందిని రెండుగా చీల్చితే 17, 18 మందితో రెండు గ్రూపులు తయారవుతాయని కాగితం మీద అనిపిస్తుంది. నా భయం ఏంటంటే ఒకటి సగం, ఇంకొకటి సున్నా అవుతుంది.

ఇంకో కథ లాంబ్డామూది. అమెరికాలో జిరాక్స్ వాళ్ల పార్క్ ల్యాబ్‌లో పావెల్ కర్టిస్ 1990లో మొదలుపెట్టిన టెక్స్ట్ ప్రపంచం అది. జనం పెరిగేసరికి గొడవలు తీర్చలేక నడిపేవాళ్లు అలసిపోయారు. 1992 చివర్లో కర్టిస్ ఒక ప్రకటన పెట్టాడు: ఇకమీదట మేం మెషిన్ పని మాత్రం చూస్తాం, మీ తగాదాలు మీరే తీర్చుకోండి అని. 1993లో ఒకడు అక్కడున్న ఆడవాళ్ల పాత్రల మీద అందరి ముందూ అక్షరాలతోనే లైంగిక దాడి చేశాడు. ఏం చేయాలో తేల్చే అధికారం ఎవరికీ లేక జనం అల్లాడిపోయారు. తర్వాత ఓటింగ్ పద్ధతి పెట్టి చూశారు. చివరికి 1996లో నడిపేవాళ్లు, మెషిన్ పని వేరు మనుషుల పని వేరు అనడం కుదరదని ఒప్పుకుని మళ్లీ పగ్గాలు పట్టుకున్నారు.

"సెటప్ నేను జూసుకుంట" అంటే సరిపోదని నేను తమ్ముడికి చెప్పింది ఇందుకే. సెటప్ రెండు రోజుల పని. ఆ తర్వాత ప్రతి రాత్రీ ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి.

మన ఊళ్ల లెక్క

అంత దూరం పోనక్కర్లేదు కూడా. మన తెలంగాణలో చిందు యక్షగానం ఆడే కుటుంబాలకి మిరాశీ ఊళ్లని ఉంటాయి. ఫలానా ఊళ్లలో ఫలానా కుటుంబం వాళ్లే ఆడాలి, ఆ ఊరివాళ్లే వాళ్లకి ఇచ్చుకోవాలి. కుటుంబం పెద్దదై అన్నదమ్ములు వేరుపడితే ఊళ్లు పంచుకుంటారు. రెండో మేళం పుట్టేది అట్లా. ఆడేవాళ్లు, తాళం వేసేవాళ్లు, మద్దెల వాయించేవాళ్లు ముందు తయారవుతారు, తర్వాత మేళం వేరవుతుంది. కొత్త ఊరు బాగుందని ఉన్న ఒక్క మద్దెలగాణ్ని రెండు చోట్లకి తిప్పితే రెండు ఆటలూ చెడతాయి.

పగటి వేషాలవాళ్లని చూసినా అంతే. రోజుకో వేషంతో ఊరంతా తిరుగుతారు, చివరిరోజు వేషం లేకుండా మామూలు బట్టల్లో వచ్చి ఇంటింటికీ అడిగి తీసుకుంటారు. వేషం వేరు మనిషి వేరు అని ఊరికీ వాళ్లకీ తెలుసు. ఆ చెల్లె విషయంలో మా గ్రూపు కాపాడలేకపోయింది సరిగ్గా ఈ గీతనే. గీత చెరిపినవాడు బయటివాడే కావచ్చు, కాపలా ఉండాల్సింది మేం.

నా ఫోన్ చెప్పిన మాట

ఆఖరిగా డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి చూశా. వారం సగటు తీస్తే డిస్కార్డ్‌లోనే రోజుకి 2 గంటల 50 నిమిషాలు. రివ్యూలు రాసే టైమ్ వేరు, ఇంటి పని వేరు, నిద్ర వేరు. అందులో నేను సరదాగా కథ రాసింది ఎంత అని చూసుకుంటే అరగంట కూడా లేదు. మిగతాదంతా తగాదాలు తీర్చడం, కొత్తవాళ్లకి రూల్స్ చెప్పడం, ఎవరు ఎవరిని ఏమన్నారో పైకి కిందకి స్క్రోల్ చేసి చదవడం. రెండోది పెడితే ఇది ఐదున్నర గంటలు దాటుతుంది, లేదా రెండింట్లోనూ 14 గంటల ఆలస్యాలు మొదలవుతాయి. మూడో దారి కనిపించలేదు.

అంతకంటే ఇబ్బంది పెట్టిన సంగతి ఇంకోటి. నాకు రెండోది కావాలనిపించడానికి అసలు కారణం మొదటిదాంట్లో విసుగు. కొత్త సర్వర్‌లో పాత తగాదాలు ఉండవు, పాత తప్పు గుర్తుచేసేవాళ్లూ ఉండరు. పాత ఫోన్ స్లో అయిందని కొత్తది కొన్నట్టు. స్టోరేజ్ ఖాళీ చేసుకుంటే అదే ఫోన్ ఇంకో ఏడాది వస్తుందని మీకు ఎన్నిసార్లు రాసి ఉంటా!

కాబట్టి నిర్ణయం ఇది

నేను రెండోది పెట్టడం లేదు.

తమ్ముడికి కాదని చెప్పలేదు. దసరా నుంచి సంక్రాంతి దాకా మన పాతదాంట్లో మాడరేటర్‌గా చెయ్ అన్నా. వారంలో రెండు రాత్రులు నీవి, ఆ రాత్రుల్లో నేను ఫోన్ తీసి కూడా చూడను. నీతో పాటు ఇంకో ఇద్దర్ని తయారుచెయ్, అందులో ఒకరు ఆడపిల్ల అయి ఉండాలి. సంక్రాంతికి కూడా నీకు సిటీ పెట్టాలనే ఉంటే పెట్టు, 18 నిండినవాళ్లతో. అది నీ సర్వర్, ఓనర్ నువ్వు. నేను టాక్సీ డ్రైవర్‌గా వస్తా, పీసీ దొరికినప్పుడు.

వాడు కాసేపు మాట్లాడలేదు. "గింత సతాయింపు ఉంటదా అన్నా?" అన్నాడు. ఉంటుందన్నా. సరే అన్నాడు. వాడు మూడు నెలలు నిలబడతాడో లేదో నాకు తెలియదు. నిలబడితే మాత్రం రెండోది పెట్టాలా అన్న ప్రశ్న నన్ను అడగాల్సిన పని వాడికి ఉండదు.

కొత్త కథ కోరుకునేవాళ్ల కోసం పాత గ్రూపులోనే ఒక కొత్త గది తెరిచాం. ఆరు వారాల కథ, ముగిసే తేదీ ముందే రాసిపెట్టాం. రూల్స్ అవే, కాపలావాళ్లూ అవే. నచ్చితే ఇంకో ఆరు వారాలు, లేకపోతే మూసేస్తాం. మనుషులు చీలరు, విసుగూ తీరుతుంది.

మీరూ ఇలాంటి ఆలోచనలో ఉంటే, రెండోదాని పేరు, లోగో పెట్టుకునే ముందు మొదటిదాంట్లో ఈ పనులు చేసి చూడండి. నేను ఆలస్యంగా చేసినవే ఇవన్నీ.

ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి డిస్కార్డ్ బ్యాటరీ వాడకాన్ని ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ చేయండి. ఫోన్ మార్చిన ప్రతిసారీ మళ్లీ చేయాలి. మామూలు చానెళ్లన్నీ మ్యూట్ చేసి, మాడరేటర్లని పిలిచే మెన్షన్‌కి మాత్రం శబ్దం ఉంచండి. అన్నిటికీ మోగే ఫోన్‌ని మనిషి రెండో రోజుకే సైలెంట్‌లో పడేస్తాడు.

గ్రూపులో చేరిన ప్రతి ఒక్కరితో, ముఖ్యంగా పిల్లలతో, సర్వర్ సభ్యుల నుంచి నేరుగా మెసేజ్‌లు వచ్చే ఆప్షన్ ఆపించండి. కొత్తగా చేరినవాళ్లు మొదటి వారం చదవగలగాలి, రాయాలంటే మాడరేటర్ ఒప్పుకోవాలి.

చేరేవాళ్ల దగ్గర అసలు పేరు, ఫోన్ నంబర్, కాలేజీ అడిగే ఫారాలు పెట్టకండి. మన 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండనివాళ్లంతా పిల్లలే. మీ దగ్గర లేని వివరం ఎవరూ దొంగిలించలేరు.

ఎవరు ఏ రాత్రి కాపలా అనేది రాసి అందరికీ కనిపించేలా పెట్టండి. మాడరేటర్ల అందరి ఖాతాలకీ టూ-ఫ్యాక్టర్ ఆన్ చేయించండి. మీరు నెల రోజులు కనబడకపోతే సర్వర్ ఎవరి చేతికి పోవాలో ఇప్పుడే మాట్లాడుకోండి.

ఇవి చేశాక వారం రోజులు మీరు గ్రూపు జోలికి పోకండి. అది మీరు లేకుండా నడిచిందా? అప్పుడు రెండోదాని గురించి ఆలోచించండి. నడవలేదా? అయితే మీ పని ఇంకా మొదటిదాంట్లోనే ఉంది.

ఆ చెల్లెకి పోయిన నెల ఫోన్ తిరిగొచ్చిందని మా మాడరేటర్ అక్క చెప్పింది. మేం పిలవలేదు, పిలవం. గుర్రాల వ్యాపారి గది మాత్రం సరాయిలో అట్లే ఉంచాం, ఎవరికీ ఇవ్వలేదు. రావాలనిపిస్తే వస్తుంది. వచ్చిన రోజు తలుపు దగ్గర ఎవరో ఒకరు మేలుకుని ఉండేలా చూసుకోవడమే ఇప్పుడు నా పని.

వచ్చే వారం ఆ రెండు ఫోన్ల రివ్యూ. ఈసారి బ్యాటరీ టెస్ట్‌లో ఒక కొత్త గడి ఉంటుంది: రాత్రంతా పక్కన పెట్టేసిన ఫోన్‌లో నోటిఫికేషన్ ఎంతసేపటికి మోగింది అని.